డాక్టర్ ఇమ్యూనోథెరపీ అన్నారా? డబ్బు కట్టేముందు ఏం అడగాలి, ఇంటికొచ్చాక ఏం కనిపెట్టుకుని ఉండాలి

ఇంట్లో క్యాన్సర్ పేషెంట్ ఉండి, డాక్టర్ నోట ఇమ్యూనోథెరపీ అన్న మాట వచ్చిందంటే ఆ సాయంత్రం నుంచే ఫోన్లు మొదలవుతాయి. ఒక బాబాయ్ తిప్పతీగ కషాయం పట్టిస్తే ఇమ్యూనిటీ దానంతటదే పెరుగుతుందంటాడు, ఇంకెవరో అమెరికాలో ఒక్క మందుతో క్యాన్సర్ మాయమైందట అని వీడియో పంపిస్తారు, ఇంటి పెద్దేమో ఎవరికీ చెప్పకుండా పొలం ఎకరం ఎంత పలుకుతోందో కనుక్కుంటుంటాడు. ఈ మూడూ ఓ రెండు రోజులు ఆపండి. నేను డాక్టర్ని కాను, వాళ్లు చెప్పాల్సింది నేను చెప్పను. కానీ ఓపీలో మనకి దొరికేది ఐదు పది నిమిషాలు, ఆ కాసేపట్లో ఏం అడగాలో ముందే తెలిసి ఉంటే సగం టెన్షన్ తగ్గుతుంది.

ముందు ఈ మందు ఏం చేస్తుందో పట్టుకోండి

ఇది అర్థమైతే మిగతాదంతా సులువు, కాబట్టి కొంచెం ఓపిగ్గా చదవండి. తెల్ల రక్తకణాల్లో టీ కణాలని ఒక రకం ఉంది. ఎముక మజ్జలో పుట్టి, ఛాతీ ఎముక వెనకాల ఉండే థైమస్ అనే చిన్న గ్రంథిలో తయారవుతాయి. మన సొంత కణాల మీదే గట్టిగా పడే రకాలు చాలావరకు అక్కడే చచ్చిపోతాయి, మిగిలినవి ఒళ్లంతా తిరుగుతూ ప్రతి కణం తన పైపొర మీద పెట్టి చూపించే ప్రొటీన్ ముక్కల్ని తడిమి చూస్తుంటాయి. వైరస్ ముక్కో, చెడిపోయిన ప్రొటీన్ ముక్కో తగిలితే ఆ కణాన్ని చంపేస్తాయి. అయితే ఇంత ప్రమాదకరమైన కణాలు అదుపు లేకుండా తిరిగితే మన లివర్‌నీ, పేగుల్నీ కూడా తినేస్తాయి కదా, అందుకే వాటికి బ్రేకులున్నాయి. అందులో రెండు ముఖ్యమైనవి సీటీఎల్‌ఏ-4, పీడీ-1. క్యాన్సర్ గడ్డలోని కణాలు తెలివిగా పీడీ-ఎల్1 అనే ప్రొటీన్ పెంచుకుని, దగ్గరికొచ్చిన టీ కణం బ్రేకు నొక్కేస్తాయి. ఆ బ్రేకు మీద ఉన్న కాలు తీయించడమే ఇప్పుడు మనవాళ్లకి ఎక్కువగా రాస్తున్న ఇమ్యూనోథెరపీ పని. జేమ్స్ ఆలిసన్ సీటీఎల్‌ఏ-4 మీద, జపాన్‌లో తసుకు హోంజో పీడీ-1 మీద చేసిన పనికి 2018లో నోబెల్ వచ్చింది. టీ కణాల్ని అదుపులో పెట్టే రెగ్యులేటరీ టీ కణాల మీద చేసిన పనికి షిమోన్ సకగుచి, మేరీ బ్రంకో, ఫ్రెడ్ రామ్స్‌డెల్‌లకి 2025లో ఇచ్చారు. అంటే ఈ శాస్త్రంలో సగం కథ టీ కణాల బలం గురించి అయితే, మిగతా సగం వాటి అదుపు గురించే.

దీన్నిబట్టి రెండు విషయాలు తేలుతాయి. ఒకటి, ఇది ఇమ్యూనిటీ పెంచుకోవడం కాదు, కషాయాలతో దీనికి సంబంధం లేదు. పైగా 2021లో ముంబై డాక్టర్లు తిప్పతీగ వాడినవాళ్లలో లివర్ దెబ్బతిన్న కేసులు రాశారు. ఆయుష్ శాఖ దాన్ని ఒప్పుకోలేదు, ఆ గొడవ మనకెందుకు గానీ, లివర్ వాపు అనేది ఇమ్యూనోథెరపీ సైడ్ ఎఫెక్టుల్లో కూడా ఉంది. రెండూ ఒకేసారి నడుస్తుంటే రేపు ఎంజైములు పెరిగినప్పుడు ఏది కారణమో డాక్టర్‌కి తేల్చడం కష్టమవుతుంది. రెండోది, బ్రేకు తీసేశాక టీ కణాలు గడ్డ మీదికే పోతాయని గ్యారంటీ లేదు. ఈ రెండో విషయం మీదే కింద ఎక్కువ రాశాను, ఎందుకంటే మనవాళ్లు ఇబ్బంది పడేది అక్కడే.

ఏ మందు? పేరు కాగితం మీద రాయించుకోండి

ఇమ్యూనోథెరపీ అనేది ఒక మందు పేరు కాదు. పెంబ్రోలిజుమాబ్, నివోలుమాబ్ పీడీ-1 మీద, అటెజోలిజుమాబ్, డర్వాలుమాబ్ పీడీ-ఎల్1 మీద, ఇపిలిముమాబ్ సీటీఎల్‌ఏ-4 మీద పనిచేస్తాయి. ఇపిలిముమాబ్‌కి అమెరికాలో 2011లో అనుమతి వచ్చింది, అన్నిటికంటే ముందు వచ్చింది అదే. చివర మాబ్ అని ఉన్నదల్లా ఈ జాతి కాదు, రొమ్ము క్యాన్సర్‌కి ఇచ్చే ట్రాస్టుజుమాబ్ వేరే దారి. కార్-టీ అనేది పూర్తిగా ఇంకో సంగతి, దాని గురించి తర్వాత చెప్తాను. ఒక్కటే మందా, కీమోతో కలిపా, రెండు ఇమ్యూనో మందులు కలిపా అని కూడా అడగండి, రెండు కలిపినప్పుడు సైడ్ ఎఫెక్టులు బాగా ఎక్కువ.

ఏ రిపోర్టు చూసి రాస్తున్నారు?

అన్ని ప్రశ్నల్లోకీ ముఖ్యమైనది ఇదే, మొహమాటపడకుండా అడగండి. ఊపిరితిత్తుల క్యాన్సర్‌నే తీసుకుందాం. బయాప్సీ ముక్క మీద పీడీ-ఎల్1 ఎంత శాతమో చూస్తారు. 50 శాతం, ఆపైన ఉండి, ఈజీఎఫ్ఆర్, ఏఎల్‌కే అనే జన్యువుల్లో మార్పులు లేనివాళ్లకి కీమో బదులు పెంబ్రోలిజుమాబ్ ఒక్కటే ఇచ్చి చూసిన కీనోట్-024 అనే ట్రయల్‌లో, 5 ఏళ్ల తర్వాత 100కి దాదాపు 32 మంది బతికి ఉన్నారు, కీమోతో మొదలుపెట్టినవాళ్లలో 16 మంది. నాలుగో స్టేజిలో ఇది చాలా పెద్ద తేడా, అబద్ధం కాదు. కానీ మిగతా 68 మంది సంగతి కూడా ఆ లెక్కలోనే ఉంది, ఆశ పెట్టుకునేటప్పుడు ఆ వైపు కూడా చూడండి.

ఇప్పుడు ఈజీఎఫ్ఆర్ విషయం. మన దేశంలో, ముఖ్యంగా ఎప్పుడూ సిగరెట్ ముట్టని ఆడవాళ్లకి వచ్చే లంగ్ క్యాన్సర్‌లో ఈ మార్పు చాలా తరచుగా కనిపిస్తుంది. వాళ్లకి బ్రేకు తీసే మందులు సరిగా పనిచేయవు, ఒసిమెర్టినిబ్ లాంటి బిళ్ల బాగా పనిచేస్తుంది. అయ్యో, ఆలస్యమవుతుందేమో అని రిపోర్టు రాకముందే ఇమ్యూనోథెరపీ ఎక్కించేసి, తర్వాత ఈజీఎఫ్ఆర్ ఉందని తెలిసి ఆ బిళ్లకి మారితే, ఊపిరితిత్తుల వాపు ముప్పు మామూలుకంటే పెరుగుతుంది. కాబట్టి రిపోర్టుకి రెండు వారాలు పడుతుందంటే, పేషెంట్ ఆగగలిగే స్థితిలోనే ఉన్నాడా అని అడిగి, ఆగొచ్చంటే ఆగండి. ఆగలేం అంటే ముందు కీమో ఒక్కటే మొదలుపెట్టి, రిపోర్టు చూశాక ఇమ్యూనో కలపొచ్చా అని అడగండి.

పెద్దపేగు, గర్భాశయ క్యాన్సర్లలో అడగాల్సిన పరీక్ష వేరు, ఎంఎస్ఐ లేదా ఎంఎంఆర్ అంటారు. కణంలో డీఎన్ఏ తప్పుల్ని దిద్దే యంత్రాంగం చెడిపోయిందా అని చూసేది. చెడిపోతే ప్రొటీన్లలో తప్పులు పేరుకుంటాయి, టీ కణాలకి తప్పు ముక్కలు బోలెడు కనబడతాయి, మందు బాగా పనిచేస్తుంది. 2022లో అందరి ఫోన్లలోకీ వచ్చిన వార్త గుర్తుందా, డోస్టార్లిమాబ్ అనే మందుతో అందరికీ క్యాన్సర్ పోయిందని? అది నిజమే. న్యూయార్క్‌లోని మెమోరియల్ స్లోన్ కెటరింగ్ క్యాన్సర్ హాస్పిటల్లో మొదట చూసిన 12 మందికీ గడ్డ కనబడకుండా పోయింది. కానీ ఆ 12 మందీ మలద్వారం పైన ఉండే రెక్టమ్ క్యాన్సర్ వాళ్లు, అందరిలోనూ ఆ దిద్దే యంత్రాంగం చెడిపోయి ఉంది. రెక్టమ్ క్యాన్సర్లలో అలాంటివి 5 నుంచి 10 శాతమే. ఆ ముక్క మన వాట్సాప్ దాకా రాలేదు. ఇకమీదట ఇలాంటి వార్త ఏది వచ్చినా ఏ క్యాన్సర్, ఏ స్టేజి, ఏ మార్కర్ (పరీక్షలో తేలే గుర్తు) ఉన్నవాళ్లు, ఎంతమంది, ఎన్నేళ్లు చూశారు, ఈ ఐదూ వెతకండి. అవి లేని వార్తని ఫార్వర్డ్ చేయకండి.

అన్నట్టు, బయాప్సీ చేసిన చోటు నుంచి ఆ ముక్కని భద్రపరిచిన మైనపు బ్లాక్, స్లైడ్లు అడిగి తెచ్చుకోండి. అవి పేషెంట్ కోసం తీసినవే, పై పరీక్షలన్నీ ఆ బ్లాక్ మీదే చేస్తారు, ఇంకో ఊళ్లో రెండో అభిప్రాయం తీసుకోవాలన్నా అదే కావాలి. ఎండలో, కారు డాష్‌బోర్డు మీద పెట్టకండి.

డోసు, డబ్బు

ఖర్చు అడగడానికి సిగ్గుపడే రోజులు కావివి. ఒక డోసు ఎంత, ఎన్ని వారాలకోసారి, మొత్తం ఎంతకాలం అనుకుంటున్నారు, ఎన్ని డోసుల తర్వాత స్కాన్ చేసి కొనసాగించాలో ఆపాలో చెప్తారు, ఇవన్నీ ఒకే కాగితం మీద రాయించుకోండి. ఆరోగ్యశ్రీ కిందగానీ, ఆంధ్రాలో ఎన్టీఆర్ వైద్య సేవ కిందగానీ మీ మందుకి ప్యాకేజీ ఉందా లేదా అన్నది హాస్పిటల్లో ఉండే ఆరోగ్యమిత్రని నేరుగా అడగండి, పక్క బెడ్డు వాళ్లు చెప్పింది నమ్మి కూర్చోకండి. కొన్ని కంపెనీలు కొన్ని డోసులు కొంటే మిగతావి ఉచితంగా ఇచ్చే పేషెంట్ సపోర్ట్ పథకాలు నడుపుతాయి, ఆ ఫారం మొదటి డోసుకి ముందే పెట్టాల్సి ఉంటుందేమో కనుక్కోండి.

తల, మెడ క్యాన్సర్లున్న ఇళ్లలో ఇంకో ప్రశ్న అడగాలి. మన దగ్గర గుట్కా, ఖైనీ, ఉత్తరాంధ్ర పల్లెల్లో అడ్డపొగ (చుట్ట నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని తాగడం) వల్ల నోటి క్యాన్సర్లు ఎక్కువే. ముంబైలోని టాటా మెమోరియల్ వాళ్లు ఇక నయం చేయలేని స్థితికి వచ్చిన తల, మెడ క్యాన్సర్ పేషెంట్లు 151 మందితో ఒక ట్రయల్ చేశారు. అందరికీ చవకగా దొరికే, నోటితో మింగే మందులు ఇచ్చి, సగంమందికి అదనంగా 3 వారాలకోసారి నివోలుమాబ్ 20 మిల్లీగ్రాములు ఎక్కించారు. మామూలు డోసు 2 వారాలకోసారి 240. ఏడాదికి బతికి ఉన్నవాళ్లు బిళ్లలు మాత్రమే వాడినవాళ్లలో 16.3 శాతం, ఈ చిన్న డోసు కలిపినవాళ్లలో 43.4 శాతం. పూర్తి డోసుతో పక్కపక్కన పెట్టి చూసిన ట్రయల్ కాదు ఇది, కాబట్టి రెండూ సమానం అనలేం. కానీ పొలం అమ్మాలా, లేక ఏమీ చేయకుండా ఊరుకోవాలా అన్న రెండింటి మధ్య మూడో దారి ఒకటుంది. "లో డోస్ నివోలుమాబ్ మావాళ్లకి పనికొస్తుందా సార్?" అని అడిగితే కోప్పడే డాక్టర్ ఉండడు, ఉంటే ఇంకో డాక్టర్‌ని చూసుకోండి. హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లో ఎంఎన్‌జే క్యాన్సర్ హాస్పిటల్, విశాఖ దగ్గర అగనంపూడిలో టాటా వాళ్ల హోమీ భాభా క్యాన్సర్ హాస్పిటల్ ఉన్నాయి, రెండో అభిప్రాయానికి ముంబై దాకానే పోవాలని లేదు.

మొదటి డోసుకి ముందు దాచకుండా చెప్పాల్సినవి

కీళ్లవాతం, సోరియాసిస్, థైరాయిడ్, లూపస్, పేగుపూత (అల్సరేటివ్ కొలైటిస్) లాంటి జబ్బులు ఎప్పుడైనా ఉన్నాయా, కిడ్నీ మార్పిడి జరిగిందా, టీబీ వచ్చి తగ్గిందా, హెపటైటిస్ బి ఉందా. ఉన్నంత మాత్రాన మందు ఇవ్వరని కాదు, కిడ్నీ మార్పిడి అయినవాళ్లలో మాత్రం అమర్చిన కిడ్నీనే టీ కణాలు పాడుచేసే ప్రమాదం నిజంగా పెద్దది. ఇంకోటి మనవాళ్లు అస్సలు లెక్కలోకి తీసుకోనిది, స్టెరాయిడ్. మోకాళ్ల నొప్పులకి ఊళ్లో ఆర్ఎంపీ ఇచ్చే పొట్లంలోని చిన్న తెల్ల బిళ్ల, ఆయాసానికి నెలల తరబడి మింగే బిళ్ల, ఆయుర్వేదం పేరుతో అమ్మే పేరులేని పొడి, వీటిలో చాలాసార్లు అదే ఉంటుంది. స్టెరాయిడ్ టీ కణాల్ని అణచేస్తుంది. అన్ని బిళ్లలూ, పొట్లాలతో సహా, ఒక సంచిలో వేసుకెళ్లి డాక్టర్ టేబుల్ మీద పెట్టండి.

మొదటి డోసుకి ముందు థైరాయిడ్, లివర్, కిడ్నీ, షుగర్, ఈసీజీ చేయించి ఆ రిపోర్టులు ఫైల్లో మొదటి పేజీగా ఉంచుకోండి. రేపు ఏదైనా తేడా వస్తే, అది కొత్తగా వచ్చిందా, ముందు నుంచీ ఉన్నదా అని తేల్చేది ఆ కాగితమే.

ఇంటికొచ్చాక

మందు ఎక్కించుకునే రోజు పెద్దగా ఏమీ ఉండదు. కీమో కలపకపోతే జుట్టు పెద్దగా ఊడదు, వాంతులూ తక్కువే, పేషెంట్ నడుచుకుంటూ ఇంటికొస్తాడు, అందరూ హమ్మయ్య అనుకుంటారు. అసలు కాపలా ఇక్కడ మొదలవుతుంది. సైడ్ ఎఫెక్టులు చాలావరకు మొదటి మూడు నెలల్లో వస్తాయి, కానీ ఎప్పుడైనా రావొచ్చు, మందు ఆపేసిన నెలల తర్వాత కూడా. చివరి డోసు సంక్రాంతికి అయిపోయింది కదా, ఈ వర్షాకాలం విరేచనాలకీ దానికీ ఏం సంబంధం అనుకోకూడదు.

విరేచనాలు మామూలుకంటే రోజుకి నాలుగుసార్లు ఎక్కువయ్యాయంటే, లేదా రక్తం, జిగట పడుతోందంటే అది బయట తిన్న భోజనం వల్ల అని మీరే తీర్పు ఇచ్చి విరేచనాలు ఆపే లోపెరమైడ్ బిళ్ల వేసి పడుకోబెట్టకండి. టీ కణాలు పేగు మీద పడి ఉండొచ్చు, ఆలస్యమైతే పేగుకి చిల్లు పడేదాకా పోతుంది. కొత్తగా పొడి దగ్గు, మెట్లెక్కితే ఆయాసం వస్తే ఊపిరితిత్తుల వాపేమో చూడాలి, దీన్ని న్యుమోనియా అనుకుని యాంటీబయాటిక్స్ మీద వారాలు గడిపేసేవాళ్లున్నారు. అలాగని అన్నీ మందు ఖాతాలో వేయడానికీ లేదు, ఈ మందుల మీద పాత టీబీ లేచిన కేసులు కూడా ఉన్నాయి, కాబట్టి సీటీ, కళ్లె పరీక్ష అడిగితే చేయించాల్సిందే. విపరీతమైన దాహం, మాటిమాటికీ మూత్రం, ఉన్నట్టుండి బరువు తగ్గడం ఉంటే ఆ రోజే షుగర్ చూపించండి. షుగర్ లేని మనిషికి కొద్ది రోజుల్లోనే ఇన్సులిన్ లేకుండా బతకలేని రకం షుగర్ రావడం ఇందులో అరుదే గానీ ఉంది. కళ్లు పచ్చబడటం, మూత్రం ముదురు రంగులోకి మారడం లివర్ సంగతి. ఒంటి మీద దద్దుర్లు చాలామందికి వస్తాయి, దురద మందుతో తగ్గుతాయి, కానీ బొబ్బలొచ్చినా, నోట్లో పుళ్లు పడినా అదే పూట వెళ్లాలి.

నీరసం గురించి విడిగా చెప్పాలి. క్యాన్సర్ కదా, నీరసం మామూలే అని ఇంట్లో అందరూ సర్దుకుపోతారు. థైరాయిడ్ పడిపోయినా నీరసమే, మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి వాచినా నీరసమే. తలనొప్పి, బీపీ పడిపోవడం, లేస్తే కళ్లు తిరగడం, అన్నం సయించకపోవడం కలిసొస్తే కార్టిసాల్ అనే హార్మోన్ పరీక్ష అడగండి. ఇది తెలిస్తే రోజూ బిళ్లలతో నెట్టుకురావచ్చు, తెలియకపోతే ప్రాణం మీదికొస్తుంది. ఛాతీ నొప్పి, గుండె దడ, కనురెప్పలు వాలిపోవడం, మెడ నిలపలేకపోవడం ఇవి వస్తే మాత్రం ఫోన్లు చేస్తూ కూర్చోకుండా నేరుగా క్యాజువాలిటీకి వెళ్లండి, గుండె కండరం వాపు అరుదు గానీ అన్నిటికంటే వేగంగా చంపేది అదే.

ఏ డాక్టర్ దగ్గరికెళ్లినా, పళ్ల డాక్టర్ దగ్గరికైనా సరే, మొదటి వాక్యం ఇదే కావాలి: "మావాళ్లు ఇమ్యూనోథెరపీ మీద ఉన్నారు, కీమో కాదు, మందు పేరు ఇది, చివరి డోసు ఫలానా తేదీన." రాత్రి డ్యూటీలో ఉన్న కుర్ర డాక్టర్‌కి క్యాన్సర్ పేషెంట్ అని మాత్రమే చెప్తే కీమో అనుకుంటాడు, అది తెల్లకణాలు తగ్గిపోయే దారి, ఇది టీ కణాలు రెచ్చిపోయే దారి, వైద్యం పూర్తిగా వేరు. ఆ వాక్యాన్ని ఒక కార్డు మీద రాసి, మీ ఆంకాలజిస్ట్ నంబర్‌తో కలిపి పేషెంట్ జేబులో, ఫోన్ కవర్ వెనకాల పెట్టండి.

ఇలాంటివి ముదిరితే ఇచ్చేది స్టెరాయిడ్లే. ఇందాక స్టెరాయిడ్ వద్దన్నావు కదా అంటారేమో, మొదలుపెట్టేముందు అనవసరంగా వాడటం వేరు, సైడ్ ఎఫెక్ట్ వచ్చాక దాన్ని ఆపడానికి వాడటం వేరు. మందు పని పోతుందేమోనని భయపడి మానేయకండి. మొదలుపెట్టాక నాలుగు నుంచి ఆరు వారాల్లో మెల్లగా తగ్గిస్తారు, రెండో వారానికే బాగుందని ఆపేస్తే మళ్లీ తిరగబెడుతుంది.

మొదటి స్కాన్ సాధారణంగా రెండు మూడు నెలలకి ఉంటుంది. గడ్డ పెద్దదైనట్టు కనబడినా కొద్దిమందిలో అది టీ కణాలు లోపలికి చేరి వాచడం వల్ల కావొచ్చు. కొద్దిమందిలో అన్న మాట గట్టిగా గుర్తుంచుకోండి, ఎక్కువమందిలో పెరిగింది అంటే పెరిగిందనే అర్థం. పేషెంట్ తింటూ, తిరుగుతూ ఉంటే ఇంకో స్కాన్ దాకా చూద్దామంటారు, మంచాన పడుతూ ఉంటే మందు మార్చమంటారు.

కార్-టీ అంటే

ఇందులో పేషెంట్ రక్తం నుంచి టీ కణాలు తీసి, ల్యాబ్‌లో వాటికి కొత్త జన్యువు ఎక్కించి, సీడీ19 లాంటి గుర్తున్న కణాల మీద పడేలా తయారుచేసి, పెంచి, తిరిగి ఒక్కసారి ఎక్కిస్తారు. ఇది బీ కణాలు అనే ఇంకో రకం తెల్లకణాల్లో వచ్చే ల్యుకేమియా, లింఫోమా అనే క్యాన్సర్లు తిరగబెట్టినవాళ్లకి, వేరే రకం కార్-టీ మైలోమా అనే ఎముక మజ్జ క్యాన్సర్‌కి. రొమ్ము, ఊపిరితిత్తులు, లివర్ గడ్డలకి కార్-టీ ఇస్తాం రండి అని ఎవరైనా డబ్బు అడిగితే అనుమానించండి. మన దేశంలో ఐఐటీ బాంబే, టాటా మెమోరియల్ కలిసి తయారుచేసిన నెక్స్‌కార్19కి 2023 అక్టోబర్‌లో అనుమతి వచ్చింది, 15 ఏళ్లు, ఆపై వయసు వాళ్లకి. 2025లో బెంగళూరు ఇమ్యూనీల్ వాళ్ల కార్టెమీ కూడా వచ్చింది. అమెరికాలో 2017లో వచ్చిన మొదటి కార్-టీ ధర 4,75,000 డాలర్లు, మనది అందులో పదో వంతు చుట్టుపక్కల. అదీ తక్కువేం కాదు, పైగా హాస్పిటల్ ఖర్చు ఇందులో కలిసి ఉందా లేదా అని తప్పకుండా అడగండి.

ఎక్కించాక మొదటి రెండు వారాలు కీలకం. టీ కణాలు ఒక్కసారిగా పెరిగి జ్వరం, బీపీ పడిపోవడం, ఆయాసం రావొచ్చు. 2012లో ఫిలడెల్ఫియాలో ఎమిలీ వైట్‌హెడ్ అనే ఆరేళ్ల పాపకి ఇలాగే చావు దాకా వెళ్తే, కీళ్లవాతానికి వాడే టోసిలిజుమాబ్ ఇచ్చి బతికించారు. మీ హాస్పిటల్లో ఆ మందు రెడీగా ఉంటుందా అని అడగడం తప్పేం కాదు. మెదడు మీద ప్రభావం పడిందేమో చూడటానికి రోజూ ఒకే వాక్యం రాయిస్తారు, 100 నుంచి పదేసి తగ్గిస్తూ లెక్క చెప్పమంటారు. పేషెంట్‌కి ఇంగ్లీషు రాకపోతే తెలుగులోనే రాయించమని ముందే చెప్పండి, లేకపోతే భాష రాక తడబడుతున్నాడో, మెదడు వల్ల తడబడుతున్నాడో తేలదు. డిశ్చార్జ్ అయ్యాక కూడా ఎక్కించిన రోజు నుంచి సుమారు నెలపాటు హాస్పిటల్ దగ్గర్లోనే గది తీసుకుని ఉండాల్సి రావొచ్చు, ఆ అద్దె, తోడుండే మనిషి జీతం పోవడం కూడా లెక్కలో వేసుకోండి. మంచి బీ కణాలు కూడా పోతాయి కాబట్టి తర్వాత నెలల తరబడి ఇన్‌ఫెక్షన్లు, కొందరికి ఇమ్యునోగ్లోబులిన్ (యాంటీబాడీలు) ఎక్కించాల్సి రావడం ఉంటాయి.

ట్రయల్‌లో చేరమంటే

భయపడి పారిపోకండి, ఆశపడి సంతకం పెట్టకండి. మన దేశంలో ప్రతి క్లినికల్ ట్రయల్ సీటీఆర్ఐ అనే ప్రభుత్వ రిజిస్ట్రీలో ఉండాలి, నంబర్ అడిగి అక్కడ వెతికితే ఏ జబ్బు, ఎంతమంది, ఎక్కడెక్కడ అన్నీ కనబడతాయి. నంబర్ లేదన్నా, పరీక్షిస్తున్న మందుకి మీ దగ్గరే డబ్బు అడిగినా అది ట్రయల్ కాదు, ఇంకేదో. ట్రయల్ వల్ల హాని జరిగితే వైద్యం, పరిహారం ఇవ్వాలని 2019 నిబంధనల్లో ఉంది. సమ్మతి పత్రం తెలుగులో అడగండి, ఇంటికి తీసుకెళ్లి చదువుకుంటామని చెప్పండి, మధ్యలో మానేసే హక్కు ఉందన్న పేరా ఎక్కడుందో చూసుకోండి, సంతకం పెట్టిన కాపీ ఒకటి, ట్రయల్ మంచిచెడ్డలు చూసే ఎథిక్స్ కమిటీ ఫోన్ నంబర్‌తో సహా, మీ ఫైల్లో ఉంచుకోండి.